వేళ్ల మధ్య గవ్వ

ఏప్రిల్ నెల మూడో ఆదివారం, మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలు. కేంబ్రిడ్జ్‌లో ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు. గాలి వాయవ్యం నుంచి వీస్తోంది. వాన కావాలో మంచు కావాలో తేల్చుకోలేని నీళ్లు ఏటవాలుగా పడుతున్నాయి. గ్రాండ్ నది ఒడ్డున ఉన్న తన ఇంటి వంటగదిలో డాక్టర్ భ్రమరాంబ కుక్కర్ మూత తీసి, ఎగసిన ఆవిరికి మొహం పక్కకు తిప్పుకుంది.

ఆ భోజనానికి ఒక కారణం ఉంది, ఆ కారణానికి వెనక మరొకటి ఉంది. కిందటి వారం చదివినవారికి ఆ గొలుసు గుర్తుండే ఉంటుంది. గ్రాండ్ రివర్ హెరన్స్ అనే, బంతిని చేత్తో విసిరి ఆడే ఇక్కడి ఫుట్‌బాల్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడే మనిషి మార్చి నెలలో ఇంటి చూరు బాగు చేసుకుంటూ నిచ్చెన మీద నుంచి పడ్డాడు, కాలర్ ఎముక విరిగింది. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి చేతికి అందుకుని, అవతలి జట్టు మీద పడేలోగా, ఎవరికి విసరాలో నిర్ణయించి విసిరేవాడు; అతని చెయ్యి పోతే జట్టు నోరు పోయినట్టే. మిగిలినవాడు ఓవెన్, కాలేజీ నుంచి నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడు. జట్టుకు పెద్ద భాగస్వామి, కారు తలుపుల బందులు తయారుచేసే ఫ్యాక్టరీ యజమాని హేమచంద్ర. ఆయన చూపు తారక్ అనే మరో క్వార్టర్‌బ్యాక్ మీద పడింది. తారక్ వయసు ముప్పయ్యారు. ఈ ఆటలో అది వృద్ధాప్యం. పైగా మోచేతికి పెద్ద ఆపరేషన్ అయి, కిందటి సీజనంతా బయట కూర్చున్నాడు. రెండు జట్లు అప్పటికే వద్దన్నాయి. జట్టు వ్యవహారాలు నడిపే నీరజ కూడా వద్దంది. నీరజ హేమచంద్ర కూతురే. తండ్రీ కూతుళ్లు ఒకే ఆఫీసులో ఉండి వారం పాటు ఈమెయిళ్లతో మాట్లాడుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చారు: భ్రమరాంబ ఏం చెబితే అది.

భ్రమరాంబ హేమచంద్రకు పెద్దమ్మ కూతురు. పదవీ విరమణ చేసేదాకా ఆమె పని చేతులకూ మోచేతులకూ శస్త్రచికిత్స చేయడం. జట్టు డాక్టరు అప్పటికే తారక్‌ను చూసి, మోచెయ్యి పూర్తిగా వంగుతోందనీ, పూర్తిగా తిన్నగా అవుతోందనీ, స్కానింగులో లోపమేమీ లేదనీ చెప్పాడు. అది విని ఆమె తమ్ముడితో ఒకే మాట అంది: "అతన్ని ఆదివారం భోజనానికి తీసుకురా."

అది ఆమె పాత పద్ధతి. పరీక్ష గదిలో చెయ్యి నటిస్తుందని ఆమె నమ్మకం. చూస్తున్నారని తెలిసిన చెయ్యి వేరు, కోటు గుండీ తీసుకునే చెయ్యి వేరు. అందుకే ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ రోగి కుర్చీలో కూర్చున్నాక కాకుండా, తలుపు తీసుకుని లోపలికి వచ్చేటప్పుడే సగం పరీక్ష ముగించేది.

తారక్ వచ్చాడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పాడు, లేసులు చకచకా లాగాడు. కోటు తగిలించాడు. ఆమె చూసింది. వంక పెట్టడానికి ఏమీ కనబడలేదు. మొహంలో అలసట లేదు, నవ్వులో భయం లేదు. ఇక్కడే స్కార్‌బరోలో పుట్టి పెరిగిన మనిషి నమస్కారం పెట్టే తీరు చూసి హేమచంద్ర అప్పుడే సగం కరిగిపోయాడు.

"అక్కయ్యా, వీడికి ఇంకో హస్తం అన్నం వెయ్యి. ఆటగాడి పొట్ట అది, నాలాంటి షుగర్ పేషెంటు పొట్ట కాదు" అన్నాడు వడ్డన మొదలవగానే.

"మీ షుగర్ సంగతి ఆ నెయ్యి గిన్నెకి ఎవరైనా చెప్పారా నాన్నా?" అంది నీరజ.

"పప్పన్నం ఫోర్కుతో తినేదానివి, నువ్వు మాట్లాడకు."

"తారక్, జాగ్రత్త. మా నాన్న కాంట్రాక్ట్ ఇవ్వకుండానే నీ వెయిట్ మాత్రం పెంచేస్తాడు."

"పర్లేదు, నేను ఫుడ్‌కి కూడా సైన్ చేస్తా" అన్నాడు తారక్.

హేమచంద్ర గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు తగ్గకముందే ఫోన్ సంగతి ఎత్తాడు. సడ్‌బరీ జట్టువాళ్లు ఓవెన్‌ని తమకిచ్చేయమని అడుగుతున్నారట, సాయంత్రంలోగా చెప్పమన్నారట. "అత్తయ్య మాట వినేదాకా ఆ ఫోన్ ముట్టుకోకండి" అంది నీరజ, తండ్రి వంక చూడకుండా. ఆయన ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని పళ్లెంలో చెయ్యి పెట్టాడు, పెట్టినంత వేగంగా వెనక్కి తీశాడు.

"కాలిపోతోందే అక్కయ్యా. పొయ్యి మీంచి తీసి నేరుగా పళ్లెంలో పెట్టావా?"

"వేడివేడిగా కావాలని నువ్వే కదా అడిగావు."

ఆయన వేళ్లు ఊదుకుంటూ ఉండగా, ఎదురుగా తారక్ ముద్దపప్పూ నెయ్యీ వేసి కలుపుతూనే ఉన్నాడు, కలుపుతూనే నీరజతో ఏదో చెబుతున్నాడు. హేమచంద్ర అది చూసి మురిసిపోయాడు. "చూడు నీరజా, ఇక్కడ పుట్టినవాడే. ఆ వేడిలో ఎలా కలుపుతున్నాడో చూడు. అదీ చెయ్యంటే."

భ్రమరాంబ కూడా చూసింది. అయితే ఆమె చూసింది వేరు. అతని బొటనవేలూ చూపుడువేలూ నడిమివేలూ అన్నంలోకి వెళ్లి, కాలి, పైకి లేచి, మళ్లీ వెళ్తున్నాయి. ఎవరి వేళ్లయినా చేసే పని అదే. తక్కిన రెండు వేళ్లూ, ఉంగరపు వేలూ చిటికెన వేలూ, లేవడం లేదు. పళ్లెం అంచున నెయ్యి కరిగి పొగలు కక్కే చోట అవి హాయిగా పడుకుని ఉన్నాయి.

ఒకే చేతికి రెండు రకాల వేడి ఎలా తెలుస్తుంది?

ఆమెలో మొదట పుట్టింది అనుమానం కాదు, కుతూహలం. అరవయ్యో పడి దాటాక ఆమెను ఇంత గట్టిగా ఏదీ పట్టుకోలేదు. ఒక్కసారి చూసిందాన్ని బట్టి తీర్పు చెప్పకూడదు. అది యాదృచ్ఛికం కావచ్చు, అలవాటు కావచ్చు, మాటల ధ్యాస కావచ్చు. రెండోసారి అదే కనబడితే అప్పుడు కారణం వెతకాలి. భోజనాలయ్యాక ఆమె స్టీలు గ్లాసుల్లో కాఫీ పోసింది, కింద పట్టుకునే డబరాలు లేకుండా, అంచుదాకా. హేమచంద్ర అంచు పట్టుకుని అందుకున్నాడు. నీరజ చేతిరుమాలు చుట్టింది. తారక్ మూడు వేళ్లతో అంచు పట్టుకున్నాడు గానీ, చివరి రెండు వేళ్లూ గ్లాసు ఒంటికి ఆనించి, అలాగే ఉంచి, కిటికీలోంచి నదిని చూస్తూ నిలబడ్డాడు.

"మీరిద్దరూ కిందికి పోయి ఆ వీడియోలేవో చూసుకోండి" అంది ఆమె తమ్ముడితో. "నేను చెయ్యి చూసేటప్పుడు బేరమాడేవాళ్లు పక్కన ఉండకూడదు."

"మనమేమైనా గొడ్లసంతలో ఉన్నామా అక్కయ్యా?"

"పళ్లు చూడటం ఒక్కటే తక్కువ" అంది నీరజ, తండ్రి భుజం పట్టి బేస్‌మెంట్ మెట్ల వైపు తిప్పుతూ.

వెనకవైపు అద్దాల వరండాలో రెండు కుర్చీలు, వాటి మధ్య చిన్న బల్ల ఉన్నాయి. భ్రమరాంబ బల్ల సొరుగులోంచి ఒక చెక్కపెట్టె తీసింది. అష్టాచెమ్మ ఆడుకునే గవ్వలూ చింతగింజలూ అందులో ఉంటాయి. చలికాలంలో మనవరాళ్లు వస్తే తీస్తుంది.

"ఇది మా అమ్మ దగ్గర కూడా ఉంది ఆంటీ" అన్నాడు తారక్. "చిన్నప్పుడు వింటర్ బ్రేక్ మొత్తం ఇదే. అమ్మ చీట్ చేస్తుండె."

"మీ అమ్మగారి పేరు?"

"ఈశ్వరమ్మ."

"కుడిచెయ్యి ఇలా ఇవ్వు. కళ్లు మూసుకో. వేళ్ల మధ్య ఏది పెట్టానో చెప్పు."

ముందు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టింది. గవ్వ అన్నాడు, గవ్వే. గింజ అన్నాడు, గింజే. తర్వాత ఆమె ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ మధ్యకు వెళ్లింది. ఆ చోటు ఆమె ఊరికే ఎంచుకోలేదు. చిటికెన వేలికీ, దాన్ని ఆనుకున్న ఉంగరపు వేలి సగానికీ స్పర్శ అందించేది ఒకే నరం. మోచెయ్యి లోపలి అంచు దేనికైనా తగిలినప్పుడు కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది ఆ నరమే. మోచేతికి చేసే ఆపరేషన్‌లో ముందు దాన్నే జాగ్రత్తగా పక్కకు తప్పిస్తారు.

"గవ్వ" అన్నాడు. గవ్వే. కాని చెప్పేముందు బొటనవేలు అరచేతి మీదుగా జారి వచ్చి దాన్ని తడిమి వెళ్లింది.

"బొటనవేలు కదపకు నాయనా."

"సారీ ఆంటీ. హ్యాబిట్."

ఆమె పెట్టెను కదిపింది. లోపల గవ్వలు గలగలమన్నాయి. తన చూపుడువేలితో అతని ముంజేతిని ఒక్కసారి తాకింది, పెట్టానన్నట్టు.

"ఇప్పుడు?"

అతను కొంచెం ఆలోచించాడు. "గవ్వ."

"సరిగ్గా చెప్పు."

"గవ్వే. షూర్."

"కళ్లు తెరు."

తారక్ చూసుకున్నాడు. రెండు వేళ్ల మధ్య ఏమీ లేదు. అద్దాల మీద నీళ్లు జారుతున్నాయి. కింద నుంచి టీవీలో ఎవరో ఆట గురించి వ్యాఖ్యానిస్తున్న గొంతు సన్నగా వినిపిస్తోంది. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు, అలాగే గాలిలో ఉంచాడు, అది ఎవరిదో అయినట్టు.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"అన్నం దగ్గర."

"అన్నం దగ్గరా?" అతను వేళ్లు తిప్పి చూసుకున్నాడు. చివరి రెండింటి మీదా చర్మం ఎర్రగా కంది ఉంది.  "ఇంట్లో ఎప్పుడూ గిట్ల కాలేదు. అమ్మ అన్నం పళ్లెంలో పరిచి, ఆరినాకనే పెడ్తది." అక్కడ ఆగాడు. "సర్జరీ అయినప్పట్నుంచే అట్ల పెడ్తున్నది. నేను చెప్పలేదు ఆంటీ. అమ్మకు నేను ఏం చెప్పలేదు."

ఆ తల్లిని తాను చూడలేదు. అయినా ఆ నిమిషాన ఆ వరండాలో మూడో కుర్చీ ఉన్నట్టే అనిపించింది భ్రమరాంబకు.

"జట్టు డాక్టరు సూదితో తాకి అడిగి ఉంటాడే?"

"అడిగిండు. కళ్లు మూసుకోమనలేదు. అతను టచ్ చేయడం కనబడుతుంటది కదా, ఎస్ అన్నాను."

ఆమెకు కోపం రాలేదు. అసలు ప్రశ్న ఇంకా అలాగే ఉంది, కోపానికి చోటివ్వకుండా. ఫుట్‌బాల్ బంతికి ఒకవైపు తెల్లటి దారపు కుట్లు ఉంటాయి. విసిరేవాడి వేళ్లు వాటి మీద పట్టు పెడతాయి. సరిగ్గా ఈ రెండు వేళ్లే. ఆ వేళ్లకు స్పర్శ లేని మనిషి, కిందటి వారం హేమచంద్ర కళ్ల ముందు, గంటసేపు గురి తప్పకుండా ఎలా విసిరాడు?

ఆ మాటే అడిగింది. తారక్ మొహంలో మొదటిసారి ఒక వెలుగు కనబడింది. "బాల్ కార్లో ఉంది. చూపిస్తా, రండి."

ఆమె కోటు వేసుకుని పెరటి గుమ్మంలో నిలబడింది. అతను వానలో, గడ్డి మీద నిలబడ్డాడు. బంతి తడిసి నల్లబడింది. కంచె అవతలి మూలన చెత్తాకులు వేసే నల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంది. తారక్ విసిరాడు. బంతి గిర్రున తిరుగుతూ వెళ్లి డబ్బా మూతకు తగిలింది. తెచ్చుకుని మళ్లీ విసిరాడు. మళ్లీ తగిలింది. నీళ్లు కారే ముఖంతో నవ్వాడు.

"ఇప్పుడు మీ వేళ్లు ఎట్లున్నాయి ఆంటీ?"

"కొయ్యబారాయి."

"నవంబర్‌లో ప్లేఆఫ్స్ ఆడేటప్పుడు అందరివీ గట్లనే ఉంటాయి. మైనస్ పదిహేనులో ఏ క్వార్టర్‌బ్యాక్‌కీ బాల్ తెలియదు. వాళ్లందరూ ఆ ఒక్క నెల కష్టపడతరు. నేను ఏడాదంతా గదే ప్రాక్టీస్ చేసిన. చలిలో నేనే బెటర్."

భ్రమరాంబ ఈ మాట ఊహించలేదు. నిజమే కదా అనుకుంది. లోపమే అభ్యాసమైతే, అభ్యాసం లోపాన్ని దాటిపోతే, దాన్ని లోపమనాలా? ముప్పయ్యేళ్లు చేతులు చూసిన ఆమెకు ఇది కొత్త. ఆ కొత్తదనానికి లోపల ఎక్కడో సంతోషం కూడా కలిగింది.

"ఇంకొక్కసారి విసురు" అంది. ఈసారి ఆమె బంతిని చూడలేదు, డబ్బాను చూడలేదు. అతని కళ్లను చూసింది.

విసరబోయే ముందు అతను చూపు కిందికి దించాడు. కుట్లు ఎక్కడున్నాయో, వేళ్లు వాటి మీద ఉన్నాయో లేదో చూసుకున్నాడు. రెప్పపాటు. అంతే. తర్వాత చూపు లేచింది, బంతి వెళ్లింది, మూతకు తగిలింది.

"తారక్, డబ్బా నీ మీదికి పరుగెత్తుకు రాదు కదా."

అతను నవ్వబోయి ఆగిపోయాడు.

"వేళ్లు చెప్పాల్సింది కళ్లు చెబుతున్నాయి నీకు. కళ్లు కిందికి దిగినంతసేపూ ఎదుటివాళ్లు నీకు కనబడరు. నాకు మీ ఆట తెలియదు. ఆ రెప్పపాటులో ఏమవుతుందో నువ్వే చెప్పు."

అతను బంతిని పొట్టకు ఆనించుకుని లోపలికి వచ్చాడు. ఆమె తుండు ఇచ్చింది. తల తుడుచుకుంటుంటే ఆ చెయ్యి ఆమె మొహానికి దగ్గరగా వచ్చింది. దగ్గరగా వచ్చింది కనుకనే కనబడింది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ, చేతి వెనక భాగాన, ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ లేదు. అక్కడ చిన్న గుంట ఉంది. ఎడమచేతికి లేదు.

"కూర్చో" అంది. ఆమె గొంతు మారింది. "ఈ గుంట ఎప్పట్నుంచి ఉంది?"

"ఏ గుంట?"

ఆమె అతని రెండు చేతులనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూపించింది. ఆమె ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చెప్పింది. ఆపరేషన్ చేసినవారు తప్పు చేసి ఉండాలని లేదు. నరాన్ని పక్కకు జరిపినప్పుడు, మానే క్రమంలో దాని చుట్టూ గట్టి పొర పెరగడం కద్దు. ఆ పొర నరాన్ని నొక్కుతుంది. నొక్కితే ముందు స్పర్శ పోతుంది. స్పర్శ పోయి ఊరుకుంటే కాలమే బాగు చేస్తుందని ఎదురుచూడవచ్చు. కాని కండ తరిగిందంటే నొక్కుడు ఇంకా సాగుతోందని అర్థం. విసిరిన ప్రతిసారీ మోచెయ్యి వంగుతుంది, వంగిన ప్రతిసారీ ఆ నరం సాగుతుంది.

"సాగితే?"

"ముందు గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది. తర్వాత తాళంచెవి తిప్పడం. ఆ తర్వాత ఈ రెండు వేళ్లూ లోపలికి ముడుచుకుపోతాయి, చాచబోయినా తెరుచుకోవు. ఇప్పుడే మళ్లీ తెరిచి ఆ పొర తీసేస్తే చాలావరకు తిరిగి రావచ్చు. ఈ సీజన్ ఆడాక తెరిస్తే ఏమొస్తుందో నేను చెప్పలేను. ఖాయం చేసుకోవాలంటే నరానికి కరెంటు పరీక్ష చేయించాలి. కాని నాకు పెద్దగా సందేహం లేదు."

"మళ్లీ సర్జరీ." అతను బల్ల వైపు చూస్తూ అన్నాడు. "ముప్పయ్యేడు వస్తది. రెండు సర్జరీలు అయినోణ్ని ఎవడు తీసుకుంటడు ఆంటీ? ఇదే లాస్ట్. వీళ్లు కూడా వద్దంటే అయిపోయింది."

"అయిపోతే?"

"అయిపోతది. కానీ ఆపరేషన్ టేబుల్ మీద అయిపోవద్దు. గ్రౌండ్‌లో అయిపోవాలి. ఒక్క సీజన్. ఆట నేను ఆపితే ఆగాలి, ఈ చెయ్యి ఆపితే నేను ఆగొద్దు." తల ఎత్తాడు. "మోచెయ్యి బాగుందని చెప్పండి చాలు. అది లై కాదు కదా. మోచెయ్యి బాగానే ఉంది."

ఆ మాటలో నేర్పు ఉంది. ఆమె దాన్ని ఒప్పుకుంది. అడిగినవాళ్లు మోచెయ్యి గురించే అడుగుతారు, చెప్పేవాళ్లు మోచెయ్యి గురించే చెబుతారు; జట్టు డాక్టరు దగ్గర జరిగింది అదే. ఒక ప్రశ్న ఇరుకుగా ఉంటే, దాని జవాబు ఎంత నిజమైనా అబద్ధానికే పనికొస్తుంది.

"చెప్పను" అంది.

"డాక్టర్లు పేషెంట్ సీక్రెట్ చెప్పొద్దు కదా?"

"ఈ గుంట సంగతి చెప్పననే అంటున్నాను. నీ ఒంటి సంగతి నీది, నువ్వు చెప్పమంటే తప్ప నా నోటి నుంచి రాదు. కాని బాగుందనీ చెప్పను. వాళ్లు అడిగితే తారక్‌ని అడగండి అంటాను."

"అంటే చెప్పినట్టే కదా ఆంటీ."

"అవును నాయనా. చెప్పినట్టే."

అతను వాదించలేదు. వాదిస్తే బాగుండునని ఆమెకు అనిపించింది. ఎర్రబడిన వేళ్లను ఎడమచేత్తో ఒక్కొక్కటే నొక్కి చూసుకుంటున్నాడు. నడిమివేలు నొక్కినప్పుడు కనుబొమ కదిలింది, చిటికెన వేలు నొక్కినప్పుడు కదల్లేదు. ఇన్నాళ్లూ అతను తనను తాను ఎన్నడూ ఇలా పరీక్షించుకోలేదని ఆమెకు అర్థమైంది. దాచడం అంత పెద్ద పనైతే, చూసుకోవడానికి తీరిక ఉండదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. వరండా తలుపు తీసుకుని నీరజ వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. తలుపు మూసి, దానికే వీపు ఆనించి నిలబడింది.

"నాన్న సడ్‌బరీకి ఫోన్ చేసేశారు అత్తయ్యా. నేను రిమోట్ వెతుకుతుంటే, అంతలోనే. ఓవెన్‌ని ఇచ్చేస్తున్నామని మాటిచ్చేశారు."

"నా మాట వినకుండానా?"

"మీరేం చెబుతారో తనకి తెలుసుట. 'అంత వేడన్నం కలిపే చేతికి ఏం జబ్బుంటుందే, మా అక్కయ్య కూడా చూసిందిగా' అన్నారు." నీరజ గొంతులో కోపం కంటే బెరుకే ఎక్కువ ఉంది. "ఇంక మాకు క్వార్టర్‌బ్యాక్ అంటూ తారక్ ఒక్కడే. వద్దన్నదాన్ని నేనే. ఇప్పుడు నేనే అడుగుతున్నాను, బాగుందని చెప్పండి అత్తయ్యా. బాగుంది కదా?"

భ్రమరాంబ కళ్ల ముందు గొలుసు పూర్తయింది: పొయ్యి మీంచి తీసి వెంటనే అన్నం వడ్డించింది తాను, కాలిన వేళ్లు కాలని వేళ్ల మధ్య తేడా చూసింది తాను, చూసి ఊరుకున్నదీ తానే. ఊరుకున్నందువల్ల, అదే పళ్లేన్ని చూసిన తమ్ముడు తనకు కావలసింది చూసుకున్నాడు. ఉత్తరాన సడ్‌బరీకి పోవాల్సిన ఓవెన్ ఈపాటికి తన సామాను సంగతి ఆలోచించుకుంటూ ఉంటాడు.

ఆమె తారక్ వైపు చూసింది. నీరజ కూడా, ఎందుకో తెలియకుండానే, అతని వైపు చూసింది.

కింద నుంచి హేమచంద్ర గొంతు వినబడింది, ఉత్సాహంగా, మెట్లెక్కుతూ: "అక్కయ్యా, ఇంట్లో స్వీటేమైనా ఉందా?"

తారక్ బల్ల మీది చెక్కపెట్టె తీసి నీరజ చేతిలో పెట్టాడు. కుర్చీ ఆమె వైపు తిప్పుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి చాపి, బొటనవేలిని అరచేతిలోకి మడిచి ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు, అది కదలకుండా.

"ఈ రెండు వేళ్ల మధ్య ఏదో ఒకటి పెట్టు నీరజా" అన్నాడు. "ఏం పెట్టినవో నన్ను అడుగు." కళ్లు మూసుకున్నాడు.

నీరజ పెట్టె మూత తీసింది.

ఎనిమిదేళ్ల తర్వాత నేటికీ హెరన్స్ జట్టులో చేరడానికి వచ్చే ప్రతి ఆటగాడూ వైద్యపరీక్షలో కళ్లు మూసుకుని, ఒక గవ్వనూ ఒక చింతగింజనూ వేళ్లతో గుర్తుపట్టి చెప్పాలి. ఒక్కొక్కసారి ఆ వేళ్ల మధ్య ఏమీ పెట్టరు.